ఒక్క వేసవి కోసం పుట్టిన బొమ్మలు

రాయ్‌పూర్‌లో ఎండలు నలభై డిగ్రీలు దాటే రోజుల్లో ‘అక్తి’ పండుగ వస్తుంది. తెలుగువారి అక్షయ తృతీయ అదే. ఆ రోజు ఛత్తీస్‌గఢ్‌లో పిల్లలు మట్టితో చేసిన పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మలకు పెళ్లి చేస్తారు. ఆ బొమ్మలను అక్కడ పుతరా, పుతరీ అంటారు. తెలుగు ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న బొమ్మల పెళ్లి లాంటిదే ఈ ఆట. పెద్దల పెళ్లిలో ఉండే పందిరి, పసుపు, విందు అన్నీ బొమ్మల పెళ్లికీ కావాలి. ఛత్తీస్‌గఢ్ పెళ్లిళ్లలో కనిపించే పర్రా, బిజనా కూడా కావాలి. పర్రా అంటే వెదురుతో అల్లిన పళ్లెం. బిజనా అంటే వెదురుతో అల్లిన చేతి విసనకర్ర.

పండుగ వెళ్లిపోయాక మట్టిబొమ్మలు విరిగిపోతాయి, లేదా తొలకరి వానకు కరిగిపోతాయి. విసనకర్ర అంచులు చిరిగి చివరికి పొయ్యిలోకి చేరుతుంది. 1875లో మొదలైన రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో వెయ్యేళ్లు దాటిన సిర్పూర్ కంచు విగ్రహాలను ఈనాటికీ చూడవచ్చు. రాయి, కంచు అలా నిలుస్తాయి. వెదురు, కాగితం, పచ్చిమట్టి నిలవవు. అందుకే రాజుల గురించి, దేవాలయాల గురించి తెలిసినంతగా పాతకాలపు పిల్లల ఆటల గురించి, ఆడవాళ్ల రోజువారీ జీవితం గురించి తెలియదు.

ఈ లోటును కొంతవరకు పూడ్చే వస్తువు ఒకటి జపాన్‌లో పుట్టింది. అదీ వేసవి సరుకే, అదీ వెదురు విసనకర్రే. కాకపోతే దాని మీద అతికించిన కాగితంపై ఆడవాళ్లు, పిల్లలు ఆడుకుంటున్న దృశ్యాలు రంగుల్లో అచ్చయ్యేవి. ఒక్క వేసవి వాడి పారేయడానికి చేసిన ఆ కాగితాల్లో కొన్ని రెండు శతాబ్దాల పాటు ఎలా మిగిలాయి, వాటి మీది రంగులు ఏమవుతున్నాయి అన్నది కళాచరిత్ర ఎంతో రసాయనశాస్త్రం కూడా అంతే.

వెదురు కణుపు దగ్గర ఆగే చీలిక

జపాన్‌లో విసనకర్రలు ప్రధానంగా రెండు రకాలు. మడిచి నడుముకు దోపుకునేది ఒకటి. మడతపడని, గుండ్రటి రేకు, పిడి ఉన్నది రెండోది. ఈ రెండోదాన్ని ‘ఉచివా’ అంటారు. దానికి అతికించడానికి అచ్చు వేసిన బొమ్మ పేరు ‘ఉచివా-ఎ’.

ఉచివా నిర్మాణం వెదురు స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. వెదురు పీచు కాండం పొడవునా సమాంతరంగా సాగుతుంది. అందుకే కత్తి మొన ఆనించి నొక్కితే నిలువునా నేరుగా చీలుతుంది. కణుపు దగ్గర మాత్రం పీచు అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి చీలిక అక్కడ నెమ్మదిస్తుంది. గుండ్రటి పిడి ఉండే బోషూ ప్రాంతపు ఉచివాలో ఒకే వెదురు ముక్కను పైనుంచి కణుపు దాకా 48 నుంచి 64 సన్నటి బద్దలుగా చీలుస్తారు. కణుపు కింద మిగిలిన భాగమే పిడి. బద్దలను విప్పార్చి, దారంతో అల్లి, రెండువైపులా కాగితం అతికిస్తే విసనకర్ర తయారవుతుంది. మేకు ఉండదు, అతుకు ఉండదు.

విసనకర్ర గాలిని చల్లబరచదు. చర్మాన్ని అంటిపెట్టుకుని వెచ్చగా, తేమగా ఉండే పలుచటి గాలిపొరను అది తొలగిస్తుంది. దాంతో చెమట త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యే ప్రతి చుక్కా ఒంటి వేడిని కొంత తీసుకుపోతుంది. గాలిలో తేమ తక్కువగా ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. జపాన్ వేసవిలో ఉక్క ఎక్కువ కాబట్టి గట్టిగా, వెడల్పుగా విసరక తప్పదు. తేలికైన వెదురు, గట్టి కాగితం అందుకు సరిపోయాయి.

ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, ఉచివా ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఏటా ఎండాకాలం ముందు వర్తకులు కొత్త బొమ్మలు దింపేవారు. 1590లో మొదలైన ఇబాసెన్ అనే విసనకర్రల దుకాణం టోక్యోలో ఇప్పటికీ నడుస్తోంది. హిరోషిగే, కునిసాదా, కునియోషి, ఐసెన్ వంటి పేరున్న చిత్రకారులు ఈ చవక సరుకుకు బొమ్మలు గీశారు. ఒక్క హిరోషిగే గీసినవే వందల్లో ఉన్నాయి.

చెక్క మీద బొమ్మ, కాగితం మీద రంగు

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఈ బొమ్మల తయారీ సగం తెలిసినట్టే. పెడనలో టేకు చెక్క మీద నమూనా చెక్కి, రంగులో ముంచి, చేత్తో గుడ్డ మీద అద్దుతారు. ఎదోలో అడవి చెర్రీ చెక్కను వాడారు. ఈ ఎంపికలో పదార్థ విజ్ఞానం ఉంది. టేకులో పెద్ద రంధ్రాలు ఏటేటా పెరిగే వలయాల వెంట గుమికూడి ఉంటాయి. గుడ్డ మీద వేసే కాస్త మందపాటి గీతకు దానివల్ల నష్టం లేదు. పైగా టేకులోని సహజమైన నూనెలు తడిని తట్టుకుంటాయి. చెర్రీ చెక్కలో రంధ్రాలు చిన్నవి, అంతటా సమంగా పరుచుకుని ఉంటాయి. నుదుటి దగ్గర ఒక్కొక్క వెంట్రుకనూ విడిగా చూపించాలంటే అలాంటి చెక్కే కావాలి.

చిత్రకారుడు పలుచటి కాగితం మీద గీసిన గీతలబొమ్మను చెక్క మీద బోర్లా అతికిస్తారు. చెక్కేవాడు కాగితంతో పాటే చెక్కను చెక్కేస్తాడు. అంటే మొదటి బొమ్మ పనిలోనే అంతమైపోతుంది. గీతల అచ్చు సిద్ధమయ్యాక ఒక్కో రంగుకు ఒక్కో చెక్క తయారవుతుంది. రంగులన్నీ తమ తమ చోట్లలోనే పడటానికి ప్రతి చెక్క మీద ఒకేచోట రెండు గాట్లు ఉంటాయి. కాగితం మూల ఒక గాటులో, అంచు రెండో గాటులో ఆనిస్తే ప్రతిసారీ కాగితం ఒకే చోట కూర్చుంటుంది.

ఇందులో చిక్కు తేమతోనే. రంగు లోపలికి ఇంకాలంటే కాగితం తడిగా ఉండాలి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగు వేసినప్పుడు ఉన్న తేమే చివరి రంగు వేసేటప్పుడూ ఉండకపోతే పిల్లవాడి చొక్కా ఎరుపు వాడి చేతి మీదికి జారుతుంది. కోజో అనే మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితంలో పోగులు పొడవైనవి. అందువల్ల తడిసినా, పదిసార్లు రుద్దినా అది చిరగదు. రంగులో కొంచెం బియ్యపు గంజి కలిపి చెక్కకు పూస్తారు. దాని మీద కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో వెనక నుంచి రుద్దుతారు. అచ్చు యంత్రం అక్కర్లేదు.

పెడనకూ ఎదోకూ అసలు తేడా రంగు పట్టుకునే తీరులో ఉంది. కలంకారీలో ముందుగా పటిక వంటి లవణం గుడ్డకు పట్టించి, తర్వాత రంగునీళ్లలో ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒకవైపు నూలును, మరోవైపు రంగును పట్టుకుంటుంది. అందుకే ఎన్ని ఉతుకులు ఉతికినా ఎరుపు వదలదు. డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్నం చేరారు. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు వారి నౌకల్లో జపాన్ దాకా వెళ్లాయి. అక్కడ వాటిని ‘సరసా’ అని అపురూపంగా దాచుకున్నారు. విసనకర్ర బొమ్మలో రంగు చాలావరకు గంజి బలంతో నార మధ్య ఒదిగి ఉంటుంది. అంతకంటే గట్టి బంధం అవసరం లేదు, ఎందుకంటే దానికి ఇచ్చిన ఆయుష్షు ఒక్క వేసవే.

మిణుగురులు, బుడగలు, ఒక ఆజ్ఞ

ఈ బొమ్మల్లో కనిపించే ఆటలు వేసవివి. చీకట్లో మిణుగురులను చేతిలోని విసనకర్రతోనే కిందికి కొట్టి పట్టే ఆడపిల్లలు, నీళ్లతొట్టిలో చేపల కోసం చెయ్యి పెట్టే పసివాళ్లు, బిడ్డను ఆడించే తల్లులు వీటిలో తరచుగా ఉంటారు. ఎదో వీధుల్లో సబ్బు బుడగలు అమ్మేవాళ్లు తిరిగేవారు. ఆ రోజుల్లో సబ్బు అందరికీ దొరికే వస్తువు కాదు. ముకురోజి అనే చెట్టు కాయల పులుసుతో బుడగలు ఊదేవారు. ఆ చెట్టు తెలుగు ఊళ్లలోని కుంకుడుచెట్టు ప్రజాతికే చెందినది. కుంకుడు పులుసులోని సపోనిన్లు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. దాంతో నీరు పలుచటి పొరగా సాగి బుడగ అవుతుంది. ఆ కాయలోని నల్లటి గట్టి గింజకు ఈకలు గుచ్చితే, చెక్క బ్యాటుతో కొట్టి ఆడే కొత్త సంవత్సరపు ఆటకు బంతి అయ్యేది.

పిల్లల బొమ్మలు పెరగడానికి రాజకీయ కారణమూ ఉంది. తెంపో సంస్కరణల పేరుతో పాలకులు పొదుపు, నీతి నియమాలు బిగించారు. నాటక నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు, గెయిషాల బొమ్మలు అచ్చు వేయకూడదని 1842లో ఆంక్ష పెట్టారు. అప్పటిదాకా ఎక్కువగా అమ్ముడుపోయినవి అవే. వ్యాపారం ఆగకూడదంటే అభ్యంతరం లేని విషయాలు కావాలి. తల్లీబిడ్డలు, పిల్లల ఆటలు, ఉత్తమ స్త్రీల కథలు అలా ముందుకొచ్చాయి. కాబట్టి ఈ బొమ్మల్లోని ఇంటిని ఉన్నది ఉన్నట్టు తీసిన ఫొటో అనుకోకూడదు. అందులో అందరూ శుభ్రంగా, అందంగా, తీరికగా ఉంటారు. అయినా పిల్లవాడి చేతిలో ఏ ఆటవస్తువు ఉంది, దాన్ని ఎలా పట్టుకున్నాడు వంటి వివరాలు ఏ ప్రభుత్వ పత్రంలోనూ దొరకవు. అచ్చుకు అనుమతిస్తూ తనిఖీ అధికారులు వేసిన ముద్రలు కూడా బొమ్మ మీదే ఉంటాయి. కొన్నేళ్ల ముద్రలను బట్టి ఏ నెలలో అనుమతి వచ్చిందో చెప్పవచ్చు.

వాడినవి దాదాపు అన్నీ నశించాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం అసలు వెదురుకు అతకనివే. వర్తకులు నమూనా పుస్తకాల్లో అతికించి ఉంచుకున్నవి, అమ్ముడుపోక మిగిలినవి తర్వాత సేకర్తలకు చేరాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో హిరోషిగే గీసిన విసనకర్ర బొమ్మలే వందకు పైగా ఉన్నాయి. కాగితం మీద బద్దల గీతలు ముద్రపడి ఉంటే మాత్రం ఆ బొమ్మను ఎవరో ఒకప్పుడు నిజంగా విసురుకున్నారని అర్థం. అలాంటివి చాలా అరుదు.

బెర్లిన్ నుంచి వచ్చిన నీలం

చవక సరుకు కాబట్టే విసనకర్ర ప్రయోగాలకు చోటిచ్చింది. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాక్ అనే రంగుల తయారీదారు ఎర్రరంగు చేయబోయాడు. అతను వాడిన క్షారంలో జంతు పదార్థం కలిసి ఉండటంతో అనుకోకుండా ముదురు నీలం వచ్చింది. అదే ప్రష్యన్ బ్లూ. అందులో ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపం నుంచి మరో రూపానికి ఎలక్ట్రాన్ దూకేటప్పుడు ఎర్రటి కాంతి పీల్చుకోబడుతుంది, కంటికి నీలం మిగులుతుంది.

ఈ రంగు చవకగా జపాన్ చేరాక ఐసెన్ 1829లో దాన్ని విసనకర్ర బొమ్మల్లో వాడాడు. కేవలం నీలంతోనే అచ్చు వేసిన ఆ బొమ్మలు వేసవిలో కంటికి చల్లగా అనిపించాయి. హోకుసాయ్ ఫుజి పర్వత చిత్రాలు, ప్రపంచమంతా ఎరిగిన ఆ పెద్ద అల బొమ్మతో సహా, దాని తర్వాతే వచ్చాయి. అంటే జపాన్ చిత్రకళను మార్చిన నీలానికి తొలి పరీక్షల్లో ఒకటి జరిగింది విసనకర్రల మీదే. జపనీయులు దాన్ని బెర్లిన్ పేరుతో ‘బెరో-ఐ’ అన్నారు.

వాడిపోయిన పువ్వులు

అంతకు ముందున్న నీలాల్లో ఒకటి నీలిమందు. మరొకటి కమెలినా అనే చిన్న మొక్క నీలిపువ్వుల రసం. తెలుగు పొలాల్లో కలుపుగా పెరిగే అమృతకాడ ఈ ప్రజాతిదే. ఆ పువ్వు రంగు అందమైనదే కానీ నీటి చుక్క పడితే కదిలిపోతుంది, వెలుతురు తగిలితే వెలిసిపోతుంది.

ఎరుపు కోసం కుసుమ పూలు వాడారు. తెలుగు నేలలో కుసుమ అంటే నూనెగింజే గుర్తుకొస్తుంది. దాని పూరేకుల్లో నీటిలో కరిగే పసుపు రంగులతో పాటు కార్తమిన్ అనే ఎరుపు కొద్దిగా ఉంటుంది. పసుపును నీటితో కడిగేసి, ఎరుపును క్షారంలో కరిగించి, పుల్లటి రసం పోస్తే ఎరుపు విడిపడుతుంది. పిల్లల చొక్కాలకు, ఆడవాళ్ల పెదాలకు, సాయంత్రపు ఆకాశానికి ఆ ఎరుపే. ఇదీ వెలుతురును తట్టుకోలేదు. కాంతి తాకినప్పుడు రంగు అణువులోని ఎలక్ట్రాన్లకు అదనపు శక్తి చేరుతుంది. గాలిలోని ఆక్సిజన్ తోడై అణువులోని బంధాలు తెగుతాయి. తెగిన అణువు ఆ రంగును ఇక చూపలేదు. ఈ మార్పు వెనక్కి రాదు.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. పువ్వు నీలం, కుసుమ ఎరుపు కలిపి వేసిన ఊదా బట్ట నేడు లేత గోధుమరంగులో కనిపిస్తుంది. పాత బొమ్మల్లో కనిపించే మట్టిరంగుల శాంతిని జపాన్ అభిరుచిగా మెచ్చుకున్నవారున్నారు. ఎదోలో పిల్లలు చూసిన బొమ్మ మాత్రం తిరునాళ్లలో అమ్మే మిఠాయిలంత రంగురంగులది.

తాకకుండా చదవడం

పోయిన రంగును తిరిగి తేలేకపోయినా అక్కడ ఏముండేదో చెప్పే పద్ధతులున్నాయి. కాగితాన్ని గీకకుండా, ముక్క కత్తిరించకుండా చేయాలన్నదే నియమం.

ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పద్ధతిలో ఎక్స్ కిరణాలు పంపితే ప్రతి మూలకమూ తనదైన శక్తితో బదులిస్తుంది. ఆర్సెనిక్ కనబడితే ఆ పసుపు హరిదళం. పాదరసమైతే ఆ ఎరుపు ఇంగిలీకం. సీసమైతే సింధూరం. ఇనుము ఉంటే ఆ నీలం ప్రష్యన్ బ్లూ కావచ్చు. పూల రంగుల్లో ఉండే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లను ఈ పద్ధతి పట్టుకోలేదు. వాటికి సన్నటి కాంతితీగతో వెలుతురు పంపి, తిరిగొచ్చిన కాంతిలో ఏ తరంగాలు తగ్గాయో కొలుస్తారు. కొన్ని రంగులు అతినీలలోహిత కాంతిలో తమంతట తామే మెరుస్తాయి. కుసుమ ఎరుపు జాడ అలా దొరుకుతుంది.

రెండు నీలాలను వేరుచేయడం ఇంకా సులువు. మామూలు కంటికి నీలిమందు, ప్రష్యన్ బ్లూ ఒకేలా ఉండవచ్చు. కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టే కెమెరాలో నీలిమందు దాదాపు మాయమవుతుంది, ప్రష్యన్ బ్లూ నల్లగా నిలబడుతుంది. తేదీ లేని విసనకర్ర బొమ్మలో ప్రష్యన్ బ్లూ పుష్కలంగా ఉంటే, అది 1829కి చాలా ముందుది కాకపోవచ్చని అంచనా వేయవచ్చు. అలా ఒక రంగు కేలెండరు పని చేస్తుంది.

చూపాలా, దాచాలా

ఇవన్నీ తెలిశాక మ్యూజియంకు ఒక చిక్కు మిగులుతుంది. బొమ్మ చూడటానికి పుట్టింది. చూడాలంటే వెలుతురు కావాలి. ఆ వెలుతురే దాన్ని చెరిపేస్తుంది.

ఇలాంటి కాగితాలకు మ్యూజియంలు పాటించే సాధారణ పరిమితి 50 లక్స్. అది మసక వెలుతురు. రోజుకు ఎనిమిది గంటలు ప్రదర్శిస్తే మొత్తం 400 లక్స్-గంటలు అవుతుంది. నడి ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. ఆ లెక్కన మ్యూజియంలో ఒక రోజంతా పడే వెలుతురు, ఎండలో సుమారు 15 సెకన్లలోనే పడుతుంది. వంద రోజుల ప్రదర్శన 24 నిమిషాల ఎండతో సమానం. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను కలిపితే నష్టం ఇంకా ఎక్కువ. రాయ్‌పూర్ వైశాఖపు మధ్యాహ్నం కిటికీ పక్కన ఉంచిన కుసుమ ఎరుపు ఎంత త్వరగా వెలిసిపోతుందో ఊహించవచ్చు.

వెలుతురు వల్ల జరిగే నష్టం కూడుతూ పోతుంది. విశ్రాంతి ఇస్తే కుసుమ ఎరుపు కోలుకోదు. ప్రష్యన్ బ్లూ ఒక్కటే కొంత వింతైనది. వెలుతురులో పాలిపోయిన నీలం చీకట్లో గాలి తగిలేలా ఉంచితే కొంతవరకు తిరిగి వస్తుంది. మిగతా రంగులకు ఆ భాగ్యం లేదు. అందుకే మంచి సేకరణలు ఉన్నచోట బొమ్మలను కొన్ని వారాలో, నెలలో చూపించి ఏళ్ల తరబడి చీకట్లో పెడతారు. డిజిటల్ ప్రతులు తీసి అందరికీ అందుబాటులో ఉంచుతారు. ఇప్పుడు చూసేవారి హక్కును, వందేళ్ల తర్వాత చూడబోయేవారి హక్కును లక్స్-గంటల్లో పంచుకోవడమే ఈ పని.

ఎదో వర్తకుడు నమూనా పుస్తకంలో ఒక కాగితం అతికించినప్పుడు చరిత్రను కాపాడుతున్నానని అనుకుని ఉండడు. వచ్చే ఏడాది సరుకు కోసం పాతదాన్ని గుర్తుంచుకున్నాడు, అంతే. ఆ పుస్తకం మూసి ఉండటం వల్ల రంగుకు చీకటి దొరికింది, పిల్లల ఆట మిగిలింది. రాయ్‌పూర్ బజారులో అక్తి ముందు అమ్మే పుతరా, పుతరీలకు, బిజనాకు అలాంటి పుస్తకం లేదు. ఏ ఏడాది ఏ రంగు పూశారు, వెదురును ఎలా అల్లారు, పెళ్లిలో పిల్లలు ఏ పాత్ర ఎవరికిచ్చారు అన్నవి ఆడినవారి జ్ఞాపకంలోనే ఉంటాయి. ఒక జతను పొడిగా, చీకట్లో, పురుగు చేరని పెట్టెలో దాచి, చేసినవారి ఊరు, ఏడాది, వాడిన రంగు రాసి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. రెండు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ పెట్టె తెరిస్తే, ఈ వేసవిలో పిల్లలు ఏం ఆడుకున్నారో వారికి తెలుస్తుంది.